కైమా ఉండల పులుసు

కైమా ఉండల పులుసు తెలుగువారి మాంసాహార వంటకాలలో ఒకటి. మెత్తగా కొట్టిన మేక లేదా పొట్టేలు మాంసాన్ని (కైమాను) మసాలాతో కలిపి చిన్న ఉండలుగా చుట్టి, చింతపండు, బెల్లం కలిసిన పులుసులో సన్నని సెగపై ఉడికించి దీనిని తయారు చేస్తారు. కారం ముందుండి, పులుపు దానికి తోడై, తీపి చివరలో తెలియడం ఈ పులుసు లక్షణం. రాయలసీమలో దీనిని రాగి సంగటితో గాని, వరి అన్నంతో గాని తింటారు. పూర్వం మట్టి చట్టిలో కట్టెల పొయ్యి మీద వండిన ఈ వంటకాన్ని నేడు విద్యుత్తుతో పనిచేసే స్లో కుక్కర్‌లో కూడా వండుకోవచ్చు. అయితే చట్టిలో వండే పద్ధతిని యథాతథంగా స్లో కుక్కర్‌కు అన్వయించడానికి వీలు లేదు. రెండింటిలోనూ సెగ సన్ననిదే అయినా, మాంసం ఎంత త్వరగా వేడెక్కుతుందనే విషయంలో రెండింటికీ ముఖ్యమైన తేడా ఉన్నది. రుచితో పాటు ఆరోగ్యం కూడా ఆ తేడాపై ఆధారపడి ఉంటుంది.

పేరు

ఈ వంటకం పేరులోని మూడు మాటలలో రెండు అచ్చతెలుగువి, ఒకటి పరభాషా పదం. 'కైమా' అన్న మాటకు మూలం తుర్కీ భాషలో తరిగిన మాంసం అనే అర్థం గల పదం. అది పారశీకం, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది. దీనిని ఖీమా, ఖైమా అని కూడా వ్రాస్తారు. 'ఉండ' అనగా గుండ్రంగా చుట్టినది. 'పులుసు' అనగా చింతపండు వంటి పుల్లని పదార్థంతో కాచిన చిక్కని రసం. ఉత్తర భారతదేశంలో ఇటువంటి ఉండలను కోఫ్తా అంటారు. దంచుట అనే అర్థం గల పారశీక క్రియ నుండి కోఫ్తా అన్న పేరు ఏర్పడింది. రోటిలో దంచిన మాంసంతో ఉండలు చేయడం ఎంత పాత పద్ధతో ఈ పేరే తెలుపుతుంది.

ప్రాంతీయ నేపథ్యం

కడప నుండి తిరుపతికి పోయే రహదారిపై ఉన్న ఒంటిమిట్ట, దానికి సమీపంలో పెన్నా నది ఒడ్డున ఉన్న సిద్ధవటం కడప ప్రాంతపు చరిత్రలోని రెండు పార్శ్వాలకు గుర్తులు. ఒంటిమిట్టలో విజయనగర కాలపు శిల్పకళతో కూడిన కోదండరామస్వామి ఆలయం ఉన్నది. సిద్ధవటం కోట 18వ శతాబ్దంలో కడపను పాలించిన మయానా పఠాను నవాబులకు ముఖ్యమైన స్థావరం. వారి తరువాత ఈ ప్రాంతం హైదర్ అలీ, టిప్పు సుల్తానుల అధీనంలోకి, అటుపిమ్మట నిజాము అధీనంలోకి పోయింది. 1800లో దత్తమండలాలలో భాగంగా ఈస్టిండియా కంపెనీకి దక్కింది. ఇన్ని పాలనలు మారిన చోట వంటలు కూడా కలిశాయి. కైమా, పలావు వంటి మాటలు ఉర్దూ ద్వారా వచ్చి తెలుగు వంటింటిలో స్థిరపడ్డాయి. పులుసు, సంగటి వంటివి ఇక్కడి పాత మాటలు.

వంటకంలోని ఇతర దినుసులకు కూడా ఇటువంటి చరిత్రే ఉన్నది. మిరపకాయ, వేరుశనగ, టమాట అమెరికా ఖండాలలో పుట్టిన పంటలు. పోర్చుగీసువారి రాక తరువాతనే అవి భారతదేశంలో వ్యాపించాయి. అంతకు ముందు కారానికి మిరియాలే ప్రధానం. చింతచెట్టు పుట్టిన చోటు ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. కాని అది అతి ప్రాచీన కాలంలోనే భారతదేశానికి చేరి ఇక్కడి చెట్టే అనిపించుకున్నది. అరబ్బులు దీనిని 'తమర్ హిందీ', అనగా హిందూదేశపు ఖర్జూరం, అని పిలిచారు. ఇంగ్లీషువారు వాడే 'టామరిండ్' అన్న పేరు దాని నుండే వచ్చింది.

వర్షాభావ ప్రాంతమైన రాయలసీమలో మాంసం నిత్యాహారం కాదు. పండుగకో, చుట్టం వచ్చినప్పుడో వండేది. కైమాలో వేయించిన శనగపప్పు పొడి కలిపి ఉండలు చేసినచో కొద్ది మాంసమే ఎక్కువ మందికి సరిపోతుంది. ముక్కల కూరలో ఒకరికి మంచి ముక్క, మరొకరికి ఎముక దక్కవచ్చు. ఉండలన్నీ ఒకే పరిమాణంలో ఉంటాయి కనుక పంక్తిలో అందరికీ సమానంగా పంచడం సులభం. పైగా పులుసు ఎక్కువగా ఉంటుంది కనుక సంగటికి ఆధారమవుతుంది. ఈ వంటకం ఇష్టంగా నిలిచి ఉండడానికి రుచితో పాటు ఈ పొదుపు కూడా ఒక కారణమని చెప్పవచ్చు.

పులుపు, తీపి కలయిక

చింతపండుకు పులుపునిచ్చేది ముఖ్యంగా టార్టారిక్ ఆమ్లం. చాలా పండ్లలో పండే కొలదీ పులుపు తగ్గుతుంది. చింతపండులో అలా కాక, పండిన తరువాత కూడా ఆమ్లం నిలిచే ఉంటుంది, చక్కెరలు కూడా ఎక్కువగానే ఉంటాయి. అందువలన చింతపండు రసం ఒంటరిగా కూడా కొంత తీపి కలిసిన పులుపుగానే ఉంటుంది. బెల్లం వేసినప్పుడు పులుపు పోదు. నాలుకకు దాని పదును మాత్రమే తగ్గినట్లు అనిపిస్తుంది. మాంసంలోని కొవ్వు వలన కలిగే వెగటును పులుపు తగ్గిస్తుంది. కారం ఘాటును తీపి తగ్గిస్తుంది. ఉప్పు ఈ మూడింటినీ కలుపుతుంది.

సాధారణంగా ఎంత చింతపండు వాడితే దాదాపు అంతే తూకం గల బెల్లం, లేదా దానికంటే కొంచెం తక్కువ బెల్లం సరిపోతుంది. కొత్త చింతపండు ఎర్రగా ఉండి పులుపు తేలికగా ఉంటుంది. ఏడాది దాటిన పాత చింతపండు నల్లబడి రసం చిక్కగా, ముదురు రంగులో వస్తుంది. అందువలన బెల్లాన్ని ఒకేసారి వేయక, సగం వేసి రుచి చూసి మిగిలినది వేయడం మంచిది.

బెల్లం చివరనే వేయాలన్న నియమానికి కారణం ఉన్నది. ముందే వేసినచో పులుసు చిక్కబడే కొద్దీ బెల్లం అడుగున చేరి మాడుతుంది, వంటకం మొత్తానికి చేదు పడుతుంది. చింతపండు రసాన్ని మాత్రం ముందే పోసి బాగా మరిగించాలి, లేనిచో పచ్చి వాసన పోదు.

నెమ్మది సెగ: దాలి నుండి స్లో కుక్కర్ వరకు

నెమ్మదిగా ఉడికించడం తెలుగువారికి కొత్త కాదు. పూర్వం పల్లెలలో పాలు కాచడానికి దాలి ఉండేది. నేలలో చేసిన చిన్న గుంటలో పిడకల నిప్పు రగిల్చి, దానిపై పాల కుండను పెడితే, గంటల తరబడి పాలు పొంగకుండా కాగి మీగడ కట్టేవి. అలాగే వంట పూర్తయిన తరువాత పొయ్యిలో నివురు కప్పిన నిప్పుల మీద పులుసు చట్టిని వదిలివేసే అలవాటు ఉండేది. మట్టి చట్టి వేడిని మెల్లగా గ్రహించి మెల్లగానే విడుస్తుంది కనుక, నిప్పు తగ్గిన తరువాత కూడా పులుసు కొంతసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది.

విద్యుత్తుతో ఇదే పని చేసే పాత్రకు అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీరు 1940లో పేటెంటు పొందారు. ఆయన తల్లి లిథువేనియాలోని విల్నా నగరంలో పెరిగిన యూదు మహిళ. యూదులు సబ్బాతు రోజున నిప్పు వెలిగించరు కనుక, ముందు రోజు సాయంత్రమే చిక్కుళ్ళు, మాంసం కలిపిన చోలెంట్ అనే వంటకాన్ని కుండలో పెట్టి రొట్టెల దుకాణపు పొయ్యికి పంపేవారు. పొయ్యిలోని మిగులు వేడికి అది రాత్రంతా ఉడికేది. తల్లి చెప్పిన ఈ సంగతే తన పరికరానికి ప్రేరణ అని నాక్సన్ తెలిపారు. 1970లో రైవల్ అనే సంస్థ ఆయన వ్యాపారాన్ని కొని, 1971లో ఆ పాత్రను 'క్రాక్ పాట్' అన్న పేరుతో విపణిలోకి తెచ్చింది. ఉద్యోగాలకు వెళ్ళే మహిళల సంఖ్య పెరుగుతున్న ఆ కాలంలో అది త్వరగా ఆదరణ పొందింది.

స్లో కుక్కర్‌లో పింగాణీ పాత్ర, దాని చుట్టూ తక్కువ విద్యుత్తుతో వేడెక్కే తీగ, బిగువైన మూత ఉంటాయి. తక్కువ సెగ, ఎక్కువ సెగ అనే రెండు అమరికలలోనూ పదార్థం చివరకు మరుగు స్థాయికి కొంచెం తక్కువ వేడికే చేరుతుంది. ఆ వేడికి చేరడానికి పట్టే సమయంలోనే వాటి మధ్య ప్రధానమైన తేడా. మూత నుండి ఆవిరి బయటకు పోదు కనుక నీరు తగ్గదు, పులుసు దానంతట అది చిక్కబడదు. వేయించినప్పుడు వచ్చే ఎర్రదనం, కమ్మని వాసన ఈ వేడికి రావు. కనుక ఉల్లిపాయలను, మసాలాను విడిగా వేయించి వేయవలసి ఉంటుంది.

కావలసిన పదార్థాలు

ఈ కొలతలు నలుగురైదుగురికి సరిపోతాయి.

ఉండలకు:
* మేక లేదా పొట్టేలు కైమా – 500 గ్రాములు
* వేయించిన శనగపప్పు (రాయలసీమలో 'పప్పులు' అంటారు) పొడి – 50 గ్రాములు
* సన్నగా తరిగిన ఉల్లిపాయ – చిన్నది 1
* పచ్చిమిరపకాయలు – 3
* అల్లం వెల్లుల్లి ముద్ద – 2 చెంచాలు
* మిరపపొడి, ఉప్పు – ఒక్కొక్క చెంచా
* చెక్క, లవంగాల పొడి – అర చెంచా
* పసుపు – పావు చెంచా
* కొత్తిమీర – కొద్దిగా

పులుసుకు:
* చింతపండు – 40 గ్రాములు
* బెల్లం – 30 నుండి 40 గ్రాములు
* ఉల్లిపాయలు – 2
* టమాటాలు – 2 (వేయకున్నా సరే)
* మిరపపొడి, ధనియాల పొడి – రెండేసి చెంచాలు
* వేయించి నూరిన వేరుశనగ గింజల ముద్ద – 2 పెద్ద చెంచాలు
* వేరుశనగ నూనె – 3 పెద్ద చెంచాలు
* ఆవాలు, చిటికెడు మెంతులు, కరివేపాకు, ఉప్పు – తగినంత
* నీరు – చట్టిలో వండినచో 3 గ్లాసులు, స్లో కుక్కర్‌లో వండినచో 2 గ్లాసులు

తయారు చేసే విధానం

ఉండలు చేయుట: మాంసం ముక్కలను కొట్టుదల చేయించక ముందే కడిగించుకోవాలి. కైమా అయిన తరువాత కడిగినచో రుచి నీటిలో పోతుంది, నీరు పట్టి ఉండలు నిలువవు. కైమాలో ముందుగా ఉప్పు వేసి, చేతికి జిగటగా తగిలే వరకు రెండు మూడు నిమిషాలు పిసకాలి. ఆ తరువాత మిగిలిన దినుసులు, చివరగా పప్పుల పొడి కలిపి అరగంట పక్కన ఉంచాలి. ఎండాకాలంలో ఈ అరగంట ఫ్రిజ్‌లో ఉంచడం క్షేమం. చేతికి నూనె రాసుకొని పెద్ద ఉసిరికాయ పరిమాణంలో, ఒక్కొక్కటి సుమారు 30 గ్రాములు ఉండేటట్లు చుట్టాలి. ఇరవై ఉండలకు పైగా వస్తాయి.

మట్టి చట్టిలో: నూనె కాగిన తరువాత ఆవాలు, మెంతులు, కరివేపాకు వేసి, ఉల్లిపాయలు ఎర్రబడే వరకు వేయించాలి. టమాటాలు వేసి మగ్గిన తరువాత పసుపు, మిరపపొడి, ధనియాల పొడి కలిపి, చింతపండు రసం, నీరు, ఉప్పు వేసి పది నిమిషాలు బాగా మరిగించాలి. పులుసు తెర్లుతుండగా ఉండలను ఒక్కొక్కటిగా అంచుల వెంట జారవిడవాలి. మొదటి ఐదు నిమిషాలు గరిట పెట్టరాదు, అవసరమైతే చట్టిని రెండు చేతులతో పట్టి కుదపాలి. ఉండలు గట్టిపడిన తరువాత సెగ తగ్గించి, మూత ఓరగా పెట్టి, 35 నుండి 40 నిమిషాలు ఉడికించాలి. వేరుశనగ ముద్ద, బెల్లం కలిపి మరో పది నిమిషాలు ఉంచి దించాలి. పావుగంట తరువాత వడ్డిస్తే పులుసు ఉండలలోకి ఇంకి ఉంటుంది.

స్లో కుక్కర్‌లో: పైన చెప్పినట్లే పులుసును పొయ్యి మీద తయారు చేసి మరిగించాలి. ఉండలను పెనం మీద కొద్ది నూనెతో అన్ని వైపులా ఎర్రగా కాల్చినచో విచ్చిపోవు, వాసన కూడా బాగుంటుంది. కుక్కర్‌ను ముందుగా వేడి చేసి ఉంచి, ఉండలను పేర్చి, మరుగుతున్న పులుసును వాటిపై పోయాలి. పాత్రలో సగానికి తగ్గకుండా, మూడింట రెండు వంతులకు మించకుండా నింపాలి. ఎక్కువ సెగపై రెండున్నర నుండి మూడు గంటలు, తక్కువ సెగపై ఐదారు గంటలు పడుతుంది. చివరి అరగంటలో వేరుశనగ ముద్ద, బెల్లం కలపాలి. మధ్యలో మూత తీసి చూడరాదు. తీసిన ప్రతిసారీ పోయిన వేడిని తిరిగి కూడదీసుకోవడానికి కుక్కర్‌కు చాలా సమయం పడుతుంది.

ఉండలు విచ్చిపోవడానికి కారణాలు

ఈ వంటలో తరచుగా ఎదురయ్యే ఇబ్బంది ఉండలు పులుసులో విచ్చిపోవడం. ఉప్పుతో పిసికినప్పుడు మాంసంలోని మయోసిన్ అనే మాంసకృత్తు కరిగి బయటకు వచ్చి జిగురువలె పని చేస్తుంది. వేడి తగలగానే అది గడ్డకట్టి ఉండను పట్టి ఉంచుతుంది. ఉప్పు చివరలో వేసినా, సరిగా పిసకకున్నా ఈ పట్టు రాదు. ఉల్లిపాయ ముక్కలు పెద్దవైనచో వాటి చుట్టూ ఉండ పగులుతుంది. మరగని పులుసులో వేసినచో పై పొర గట్టిపడక ముందే మాంసం నానిపోయి విడిపోతుంది. ఇందుకు విరుద్ధంగా పప్పుల పొడి మరీ ఎక్కువైనచో ఉండ విచ్చిపోదు గాని, పులుసును పీల్చుకోక గట్టిగా మిగులుతుంది. కైమా బొత్తిగా కొవ్వు లేనిదైనా ఉండ పిడచగట్టుకొని ఉంటుంది.

ఆరోగ్య జాగ్రత్తలు

ముక్కగా ఉన్న మాంసంలో సూక్ష్మజీవులు సాధారణంగా పైభాగానికే పరిమితమై ఉంటాయి. కైమా చేసినప్పుడు ఆ పైభాగమంతా లోపలికి కలిసిపోతుంది. కనుక ఉండ మధ్య భాగం కూడా పూర్తిగా ఉడకడం తప్పనిసరి. అమెరికా వ్యవసాయ శాఖ సూచన ప్రకారం మేక, గొర్రె కైమా లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్‌కు, కోడి కైమా అయితే 74 డిగ్రీలకు చేరాలి. రంగును బట్టి నిర్ణయించడం సరికాదు. కొన్నిసార్లు మాంసం తగినంత వేడెక్కక ముందే గోధుమరంగుకు మారుతుంది.

చట్టిలో వండినప్పుడు ఈ విషయమై పెద్దగా ఆందోళన అవసరం లేదు. మరిగే పులుసులో చిన్న ఉండ కొద్ది నిమిషాలలోనే తగిన వేడికి చేరుతుంది. స్లో కుక్కర్‌లో పరిస్థితి వేరు. సూక్ష్మజీవులు త్వరగా పెరిగేది సుమారు 4 నుండి 60 డిగ్రీల మధ్య. చల్లని పులుసు, ఫ్రిజ్ నుండి తీసిన ఉండలు వేసి తక్కువ సెగ పెట్టినచో పదార్థం ఈ హద్దులో గంటల తరబడి ఉండిపోవచ్చు. అందువలన ఈ క్రింది నియమాలు పాటించాలి.

* గడ్డకట్టిన మాంసాన్ని నేరుగా స్లో కుక్కర్‌లో వేయరాదు. ఫ్రిజ్‌లో ఉంచి పూర్తిగా కరిగిన తరువాతనే వాడాలి.
* పులుసును మరిగించి పోయాలి. మొదటి గంట ఎక్కువ సెగ పెట్టడం మేలు.
* వడ్డించే ముందు వంట ఉష్ణమాపకాన్ని ఉండ మధ్యకు గుచ్చి చూడాలి. అది లేనిచో ఉండలతో సహా పులుసును పొయ్యి మీద పది నిమిషాలు తెర్లనివ్వాలి.
* ఇంట్లో ఎవరూ లేని సమయంలో విద్యుత్తు పోయి ఎంతసేపటికి వచ్చిందో తెలియనిచో, చూడడానికి ఉడికినట్లే ఉన్నా ఆ వంటను పారవేయాలి. ఇంట్లో ఉండగా విద్యుత్తు పోతే వెంటనే గ్యాసు పొయ్యి మీదికి మార్చి వంట పూర్తి చేయవచ్చు.
* అన్నం వండే విద్యుత్ కుక్కర్‌లోని 'వెచ్చగా ఉంచు' అమరిక వండిన పదార్థాన్ని వేడిగా ఉంచడానికి మాత్రమే. పచ్చి మాంసం దానితో ఉడికించరాదు.

పులుసు మరునాటికి మరింత రుచిగా ఉంటుందన్న మాట తెలుగు ఇళ్ళలో తరచుగా వినిపిస్తుంది. కూరగాయల పులుసుకు చెల్లినంతగా ఇది మాంసపు పులుసుకు చెల్లదు. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి బీజాలు వంట వేడికి కూడా చావవు. పెద్ద పాత్రలో మాంసపు పులుసు రాత్రంతా మెల్లగా చల్లారుతున్నప్పుడు అవి మొలకెత్తి వృద్ధి చెందుతాయి. కడుపునొప్పి, విరేచనాలు దీని ఫలితం. మిగిలిన పులుసును లోతు తక్కువ గల పాత్రలలోకి మార్చి, రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మరునాడు పొయ్యి మీద తెర్లించి తినాలి. తిరిగి వేడి చేయడానికి స్లో కుక్కర్ పనికిరాదు.

మధుమేహం ఉన్నవారు బెల్లం కూడా చక్కెర వంటిదేనని గమనించి దానిని తగ్గించుకోవలసి ఉంటుంది.

పాత్రల ఎంపిక

చింతపండు పులుసుకు అన్ని పాత్రలు పనికిరావు. కళాయి పూయని ఇత్తడి, రాగి పాత్రలలో పులుపు లోహాన్ని కరిగిస్తుంది. అటువంటి పులుసు తిన్నచో వికారం, వాంతులు కలుగుతాయి. ఇత్తడి గిన్నెలకు ఎప్పటికప్పుడు కళాయి వేయించే ఆచారం ఇందుకే ఏర్పడింది. సత్తు పాత్రలో కూడా పులుసును నిల్వ ఉంచరాదు. మట్టి చట్టి, రాతి చట్టి, స్టీలు గిన్నె, పింగాణీ పాత్ర దీనికి తగినవి. కొత్త మట్టి చట్టిని నీటిలో నానబెట్టి, గంజి కాచి పదును చేసిన తరువాతనే వంటకు వాడాలి.

స్లో కుక్కర్‌లోని పింగాణీ పాత్రను పొయ్యి మీద పెట్టరాదు. వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్ళు పోసినచో పగులుతుంది. అమెరికా నుండి తెచ్చిన కుక్కర్లు 120 వోల్టుల విద్యుత్తుకు తయారైనవి. వాటిని భారతదేశంలోని 230 వోల్టుల ప్లగ్గుకు నేరుగా కలిపినచో కాలిపోతాయి.

పప్పుండల పులుసు

మాంసం లేకుండా ఇదే పద్ధతిలో చేసేది పప్పుండల పులుసు. దీనినే ఉండల పులుసు అని కూడా అంటారు. ఒంటిమిట్టలో ఏటా శ్రీరామనవమి సందర్భంగా బ్రహ్మోత్సవాలు, పున్నమి రాత్రి సీతారాముల కల్యాణం జరుగుతాయి. 2015 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ ఉత్సవాలను అధికారికంగా నిర్వహిస్తున్నది. ఇటువంటి పండుగ దినాలలో మాంసం ముట్టని ఇళ్ళకు పప్పుండల పులుసు తగిన వంటకం.

రెండు గంటలు నానిన శనగపప్పును ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఉప్పుతో కలిపి బరకగా రుబ్బి ఉండలు చేస్తారు. వాటిని ఇడ్లీ పళ్ళెంలో పది పన్నెండు నిమిషాలు ఆవిరిపై ఉడికించి, ఆ తరువాత మరిగే పులుసులో వేస్తారు. ముందుగా ఆవిరిపై ఉడికించడం ఇక్కడ ముఖ్యం. పులుపు తగిలిన పప్పు త్వరగా మెత్తబడదు. పచ్చి పప్పుండలను నేరుగా స్లో కుక్కర్‌లోని చింతపండు పులుసులో వేసినచో పై భాగం కరిగి పులుసులో కలుస్తుంది, లోపలి భాగం గంటలు గడిచినా పలుకుగానే ఉంటుంది. తమిళనాడులో చేసే పరుప్పు ఉరుండై కుళంబు ఈ కోవకు చెందినదే.

ఇతర ప్రాంతాలలో

మాంసపు ఉండలు ప్రపంచంలో అనేక దేశాలలో ఉన్నవి. తమిళనాడు చెట్టినాడులో కోలా ఉరుండై పేరుతో కైమా ఉండలను నూనెలో వేయిస్తారు. తుర్కీలో కొఫ్తె, ఇటలీలో పొల్పెత్తె ప్రసిద్ధమైనవి. స్వీడన్‌లో మాంసపు ఉండలను పుల్లని లింగన్ పండ్ల జామ్‌తో కలిపి తింటారు. అమెరికాలో ద్రాక్ష జెల్లీ, టమాటా చిల్లీ సాసు కలిపి స్లో కుక్కర్‌లో వండే ఉండలు విందులలో సాధారణం. అక్కడ జెల్లీ చేసే పనిని ఇక్కడ బెల్లం, సాసు చేసే పనిని ఇక్కడ చింతపండు, మిరపపొడి చేస్తున్నాయని పోల్చి చూస్తే తెలుస్తుంది.

విదేశాలలో ఉన్న తెలుగువారు ఈ పులుసును స్లో కుక్కర్‌లో వండుకొనేటప్పుడు చింతపండుకు బదులు సీసాలలో దొరికే చింతపండు గుజ్జు వాడుకోవచ్చు. అది చాలా గాఢమైనది కనుక ఒక చెంచాతో మొదలుపెట్టి రుచి చూసి పెంచాలి. కొన్ని రకాలలో ఉప్పు ముందే కలిపి ఉంటుంది.

వడ్డన

రాగి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి అందులో పులుసు పోసుకొని, ఉండను చిదిమి నంజుకుంటూ తింటారు. జొన్న రొట్టెతోనూ, వేడి అన్నంతోనూ బాగుంటుంది. పక్కన పచ్చి ఉల్లిపాయ ఉంటే సరిపోతుంది. పులుసులోనే పులుపు ఉన్నది కనుక నిమ్మకాయ పిండనవసరం లేదు. పిల్లలకు వడ్డించేటప్పుడు పులుసు తగ్గించి, ఉండను మధ్యకు విరిచి పూర్తిగా ఉడికినదీ లేనిదీ చూసి పెట్టాలి.